బ్యాటు ఉన్నవాడే కెప్టెన్ – విజయనగరం విజ్జీ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ డాక్టర్ అంబేద్కర్ గారి జీవితం, ఫూలే దంపతుల జీవితం, మన గుంటూరు సీమ కవి జాషువా గారి జీవితం వస్తుంటాయి. అవి రావాలి, వస్తూనే ఉండాలి. ఈసారి వాటి పక్కన మేము ఒక రాజుగారి కొడుకు జీవితం రాస్తామనేసరికి జూనియర్ తమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన పేదరికంలో పుట్టలేదు. వీధి దీపం కింద చదువుకోలేదు. ఆయన్ను ఆదర్శంగా తీసుకోమని మేము చెప్పడం కూడా లేదు. కానీ ఐ.పి.ఎల్. రోజుల్లో మన టీవీ గదిలో ఏ జట్టు గొప్పదని జరిగే గొడవంతా దాదాపు తొంభై ఏళ్ళ కిందట ఆయన జీవితంలో ఒకసారి జరిగిపోయింది. అందుకని రాస్తున్నాం.

ముందుగా ఒక చిన్న సంగతి. మేము చిన్నప్పుడు లంక ఊళ్ళలో కొబ్బరి మట్ట చెక్కి బ్యాటు చేసుకునేవాళ్ళం. వికెట్లకు ఇటుకలు. అసలైన బ్యాటు ఊరు మొత్తానికి ఒకటో రెండో ఉండేవి. అది ఎవరింట్లో ఉంటే ఆ అబ్బాయే కెప్టెన్. మొదటి బ్యాటింగ్ అతనిదే. మొదటి బంతికే అవుటైతే అది ట్రయల్ బాల్ అనేవాడు. రెండోసారీ అవుటైతే బ్యాటు చంకలో పెట్టుకుని ఇంటికి పోయేవాడు. ఆట అక్కడితో ఆగిపోయేది. అందుకని మంచి బౌలర్లంతా అతనికి మెల్లగా, లెగ్ సైడుకు వేసేవాళ్ళు. మాలో ఎవరూ అది తప్పనుకోలేదు. ఆట జరగాలంటే అంతే అనుకున్నాం.

ఆ అబ్బాయి పెద్దవాడై దేశానికి కెప్టెన్ అయితే ఎలా ఉంటుంది? 1936లో అదే జరిగింది.

ఆయన పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. పుట్టింది 1905 డిసెంబరు 28న. విజయనగరం సంస్థానాధీశుల రెండో కుమారుడు. విజయనగరం అంటే గురజాడ వారి ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు, సంగీత కళాశాల ఉన్న ఊరు. అట్టి ఊరి కోటలో పుట్టినా రెండో కొడుకు కాబట్టి గద్దె ఆయనకు రాలేదు. 1922లో తండ్రి పోయాక అన్నగారు అలక్ నారాయణ గజపతి సంస్థానాధీశులయ్యారు. తమ్ముడు మాత్రం జీవితాంతం మహారాజకుమార్‌గానే మిగిలారు. క్రికెట్ పుస్తకాల్లో ఆయన పేరు మహారాజకుమార్ ఆఫ్ విజయనగరం అనే ఉంటుంది. అందరూ ముద్దుగా విజ్జీ అన్నారు. అజ్మీరులోని మేయో కాలేజీలోనూ, తర్వాత ఇంగ్లండులోని హేలీబరీలోనూ చదివారు. టెన్నిస్ బాగా ఆడేవారట, తుపాకీ గురి కూడా గట్టిదే. కాశీలో విజయనగరం సంస్థానానికి పెద్ద ఆస్తులుండేవి. విజ్జీ అక్కడికి చేరి స్థిరపడ్డారు. ఆ విధంగా మన తెలుగు రాజకుమారుడు ఉత్తరాది మనిషి అయ్యారు.

గద్దె లేని రాజకుమారుడికి డబ్బుంది, తీరిక ఉంది, పేరు కావాలి. ఆ రోజుల్లో రాజులకు పేరు తెచ్చేది క్రికెట్. తెల్లదొరలతో సమానంగా కూర్చోబెట్టే ఆట అది. పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ అప్పటికే సొంత మైదానం, సొంత జట్టు, ఇంగ్లండు నుంచి తెప్పించిన కోచ్‌లతో దేశమంతటా పేరు పొందారు. విజ్జీ ఆయనకు పోటీగా దిగారు. 1926లో సొంతంగా జట్టు కట్టి, తన భవనం ఆవరణలోనే మైదానం వేయించారు. దేశం నలుమూలల నుంచి మంచి ఆటగాళ్ళను పిలిపించి పోషించారు.

1930-31 శీతాకాలంలో ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు మన దేశానికి రావలసి ఉంది. గాంధీగారి శాసనోల్లంఘన ఉద్యమం ఉధృతంగా ఉండడంతో ఆ టూరు రద్దయింది. విజ్జీ ఆ ఖాళీని చూశారు. తన ఖర్చుతో తన జట్టునే దేశమంతా, సింహళం దాకా తిప్పారు. అంతేనా? ప్రపంచంలో అప్పటికి అందరికంటే పేరున్న ఓపెనింగ్ జోడీ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఇద్దరినీ ఓడెక్కించి తీసుకొచ్చారు. హాబ్స్‌కు అప్పటికి 47 ఏళ్ళు దాటాయి. అంతకుముందు ఎందరు పిలిచినా ఇండియాకు రాని మనిషి విజ్జీ పిలిస్తే వచ్చారు. ఆదివారం నాడు ఆడనని మాత్రం హాబ్స్ ముందే చెప్పారు. ఆ ఒక్క విషయంలో రాజకుమారుడి డబ్బు పనిచేయలేదు. మన హాస్టల్‌లో ఆదివారం చర్చికి వెళ్ళే తమ్ముళ్ళకు ఇది నచ్చుతుందని రాస్తున్నాం.

ఒకే జట్టులో హాబ్స్, సట్‌క్లిఫ్, సి.కె. నాయుడు, కుర్రవాడు ముస్తాక్ అలీ. ఆ జట్టుకు కెప్టెన్ ఎవరు? వేరే చెప్పాలా, విజ్జీయే.

జనం విరగబడి వచ్చారు. హాబ్స్‌ను చూశామని ముసలితనంలో మనవళ్ళకు చెప్పుకున్నవాళ్ళు ఎందరో ఉంటారు. అయితే ఆ జట్టు ఏ ఊరిదీ కాదు, ఏ రాష్ట్రానిదీ కాదు. ఒక మనిషి జేబుది. హాబ్స్ ఓడెక్కి వెళ్ళిపోయాక చప్పట్లూ వెళ్ళిపోయాయి. ఆ టూరు గుర్తుగా రికార్డు పుస్తకాల్లో ఒక తగాదా మిగిలింది. హాబ్స్ ఫస్ట్ క్లాస్ సెంచరీలు కొందరి లెక్కలో 197, కొందరి లెక్కలో 199. ఆ తేడా రెండు సెంచరీలూ విజ్జీ జట్టుకు ఆడుతూ కొట్టినవే. వాటిని అసలు మ్యాచ్‌లుగా లెక్కపెట్టాలని హాబ్స్ కూడా అనుకోలేదు.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. 2016 ఏప్రిల్‌లో మేము ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి సెలవులకు ఇళ్ళకు వెళ్ళే నాటికి మా గదిలో సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమాని ఒక్కడంటే ఒక్కడు లేడు. ఆ జట్టు మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. అందరి బనియన్ల వెనుకా స్కెచ్ పెన్నుతో 18 అని కోహ్లీ నంబరే. మే 29న ఫైనల్లో సన్‌రైజర్స్ 8 పరుగుల తేడాతో బెంగళూరును ఓడించింది. జూన్‌లో హాస్టల్ తెరిచేసరికి అవే బనియన్ల మీద 18 కొట్టేసి 31 అని ఉంది. అది వార్నర్ నంబరు. సన్‌రైజర్స్ మన తెలుగు జట్టు కదా, మేమెప్పుడూ వాళ్ళ వైపే కదా అని ఒకరితో ఒకరు చెప్పుకున్నాం. 2023లో అదే జట్టు 13 కోట్ల 25 లక్షలకు హ్యారీ బ్రూక్‌ను కొని పట్టికలో అట్టడుగున నిలిచినప్పుడు యూనివర్సిటీ హాస్టల్లో టీవీ కట్టేసి భోజనానికి పోయినవాళ్ళం కూడా మేమే. ఆ డిసెంబరులో 20 కోట్ల 50 లక్షలకు కమిన్స్‌ను కొన్నారు. 2024లో జట్టు 277, 287 కొట్టేసరికి మళ్ళీ అందరం ఆరెంజ్ రంగు చొక్కాల్లో ఉన్నాం. ఫైనల్లో కోల్‌కతా చేతిలో 113కే ఆలౌటయ్యాక ఆ చొక్కాలు ఏమయ్యాయో అడక్కండి.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది.

మేము ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం కరకట్ట దిగువన, మినుము పీకేసిన చేనులో కప్పు టోర్నమెంట్ పెట్టారు. పదో తరగతి అన్నలు, ఇంటర్ చదవడానికి తెనాలి వెళ్ళిన పాత అన్నలు కలిసి హాస్టల్ టీమ్ కట్టారు. ఎంట్రీ ఫీజుకు మేమంతా సబ్బులకూ నూనెకూ ఇచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా పది రూపాయలు ఇచ్చాం. సెమీస్‌లో ఎదురైన జట్టుకు ఒక పెద్దమనిషి డబ్బు పెట్టాడు. పేరు అవసరం లేదు. పట్నం నుంచి ముగ్గురు ఆటగాళ్ళను రోజు కూలి మాట్లాడి తెచ్చారు. వాళ్ళకు బూట్లు, గ్లౌజులు, కళ్ళద్దాలు. చూడ్డానికి వచ్చిన పిల్లలందరికీ ఆ పెద్దమనిషి తరఫున బన్ను, కూల్ డ్రింకు పంచారు. మేమూ తీసుకున్నాం. తీసుకున్నాక ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు గానీ, పట్నం ఆటగాడు మా అన్న బంతిని తోటలోకి కొట్టినప్పుడు మేమంతా లేచి ఈలలు వేశాం. బంతి వేసిన అన్న ఒక్కసారి మా వైపు చూశాడు. మళ్ళీ వెళ్ళి బౌలింగ్ మార్కు దగ్గర నిలబడ్డాడు. మా టీమ్ ఓడిపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర ఆ అన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే చిన్నవాళ్ళకు ముందు ప్లేట్లు అందించాడు. అనుంటే బాగుండేది.

ఇక విజ్జీ దగ్గరకు వద్దాం. 1932లో ఇండియా మొదటిసారి ఇంగ్లండులో టెస్టు ఆడటానికి సిద్ధమైంది. బోర్డు దగ్గర పైసా లేదు. విజ్జీ 50,000 రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో అది ఎంత డబ్బో ఊహించుకోండి. దరిమిలా ఆయన్ను డిప్యూటీ వైస్ కెప్టెన్ చేశారు. కెప్టెన్ పటియాలా మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ ఘనశ్యాంసింహ్‌జీ. ఆ కింద మన విజ్జీ. పైనున్న మూడు కుర్చీలూ రాజులవే. మూడో కుర్చీ విజ్జీకి ఆనలేదు. ఆరోగ్యం, ఫామ్ బాగాలేవని తప్పుకున్నారు. పటియాలా కూడా రాలేకపోయారు. బదులుగా వెళ్ళిన పోర్‌బందర్ మహారాజు తనకు ఆట అంతగా రాదని గ్రహించి టెస్టు నుంచి తనంతట తానే పక్కకు జరిగారు. ఆయన మంచితనాన్ని ఇక్కడ ఒప్పుకోవాలి. లింబ్డీకి దెబ్బ తగిలింది. అలా రాజులంతా తప్పుకుంటే 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలోకి ఇండియా జట్టును నడిపించే అవకాశం కొఠారి కనకయ్య నాయుడుకు వచ్చింది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన మనిషి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టి, చెట్ల మీదా మేడల మీదా ఎక్కిన జనాన్ని పిచ్చెత్తించిన మనిషి. ఆయన అభిమానులకు ఎవరూ బన్నులు పంచలేదు.

కుర్చీల మాట వచ్చింది కాబట్టి పల్వంకర్ బాలూ గారిని తలచుకోకుండా ముందుకు పోలేం. చర్మకార కులంలో పుట్టి, పూనాలో దొరల క్లబ్బులో పిచ్‌కు రోలర్ లాగే పని చేస్తూ, నెట్స్‌లో బంతులు వేసి బౌలరైన మనిషి. మైదానంలో అతని చేతి బంతిని అందరూ పట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం అతనికి వేరే మట్టి ముంత. 1911లో పటియాలా మహారాజు కెప్టెన్‌గా వెళ్ళిన ఇంగ్లండు టూరులో బాలూ 114 వికెట్లు తీశారు. అయినా హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఎన్నడూ దక్కలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. విజ్జీకి తెరిచి ఉంచిన తలుపు బాలూకు ఎందుకు మూసి ఉందో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. బాలూ గారి జీవితం వచ్చే సంచికలో పూర్తిగా రాయాలని మా కోరిక.

విజ్జీకి దక్కాల్సిన మంచి మార్కులు కూడా వేయాలి. 1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వాన ఎం.సి.సి. వచ్చినప్పుడు ఇండియాలో ఆ జట్టు ఒకే ఒక్క మ్యాచ్ ఓడింది. కాశీలో, విజ్జీ జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. ఆటగాళ్ళను ఎంచుకోవడం ఆయనకు చేతనవును. ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానంలో సొంత డబ్బుతో పెవిలియన్ కట్టించారు. దానికి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు పెట్టారు. జాతీయ పోటీలకు కప్పు కావలసి వచ్చినప్పుడు పటియాలా మహారాజు రంజిత్‌సింహ్‌జీ పేరున కప్పు ఇస్తానంటే, విజ్జీ పోటీగా విల్లింగ్డన్ పేరున బంగారు కప్పు ఇస్తానన్నారు. చివరికి రంజీ పేరే నిలిచింది. లేకపోతే మన పిల్లలు ఇవాళ విల్లింగ్డన్ ట్రోఫీకి ఆడుతుండేవాళ్ళు!

1936లో మళ్ళీ ఇంగ్లండు టూరు. మొదట పటౌడీ నవాబును కెప్టెన్‌గా అనుకున్నారు. ఆయన ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నారు. ఇక మిగిలింది సి.కె. నాయుడు, విజ్జీ. ఎన్నిక బోర్డు సభ్యుల ఓట్లతో జరిగింది. ఎవరు ఎన్ని పరుగులు చేశారన్నది అక్కడ లెక్కకు రాలేదు. ఎన్ని విందులు, ఎన్ని బహుమతులు, వైస్రాయ్ గారి దగ్గర ఎంత పలుకుబడి అన్నవే లెక్కకొచ్చాయి. బెల్లం ఉన్నచోటికి ఈగలు చేరినట్టు ఓట్లన్నీ ఒక వైపుకు చేరాయి. విజ్జీ కెప్టెన్ అయ్యారు. 36 పెట్టెల సామాను, ఇద్దరు నౌకర్లతో ఓడెక్కారు. నాయుడు ఆయన కింద ఆటగాడిగా వెళ్ళారు.

ఆ టూరు గురించి ఆడినవాళ్ళు తర్వాతి కాలంలో చెప్పుకున్నవి ఎన్నో ఉన్నాయి. విజ్జీ బ్యాటింగ్‌కు వస్తే ఎదుటి జట్టు కెప్టెన్లు మెత్తని బంతులు వేయించేవాళ్ళని, అందుకు ప్రతిఫలంగా బంగారు గడియారాలు అందేవని చెప్పుకున్నారు. మా ఊరి ట్రయల్ బాల్‌కూ దీనికీ తేడా ఏమిటో మాకైతే కనపడలేదు. జట్టు రెండు ముక్కలైంది. విజ్జీ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఒకరు, నాయుడు వైపు వాళ్ళు ఒకరు. ఉదయం ఫలహారం దగ్గర అందరిముందూ నాయుడును అవమానించినందుకే బాకా జిలానీకి ఆఖరి టెస్టులో చోటు దొరికిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద మ్యాచ్. లాలా అమర్‌నాథ్ ఆ టూరులో అప్పటికి 613 పరుగులు, 32 వికెట్లతో జట్టులో అందరికంటే బాగా ఆడుతున్నారు. సామాన్య కుటుంబం నుంచి వచ్చిన పంజాబీ కుర్రవాడు. 1933లో తన మొదటి టెస్టులోనే 118 కొట్టి, ఇండియా తరఫున తొలి టెస్టు సెంచరీ చేసినవాడు. ఆరోజు నడుం నొప్పితో ఉన్నారు. తర్వాత బ్యాటింగ్ నీదే, ప్యాడ్లు కట్టుకో అన్నారు. కట్టుకుని కూర్చుంటే ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపుతూ పోయారు. ఆట ముగిసే వేళ చివరికి పంపారు. తిరిగొచ్చాక ఆయన ప్యాడ్లు విసిరికొట్టి పంజాబీలో ఏదో గొణిగారు. అంతే. క్రమశిక్షణ తప్పాడని చెప్పి, మేనేజరు, కెప్టెన్ కలిసి మొదటి టెస్టుకు ముందే ఇండియాకు ఓడెక్కించారు. కెప్టెన్ గారికి కోపం వచ్చింది, బ్యాటు చంకలో పెట్టుకున్నారు. తేడా ఏమిటంటే ఇక్కడ ఇంటికి పోయింది బ్యాటున్నవాడు కాదు, ఆట వచ్చినవాడు.

మొదటి టెస్టు 9 వికెట్లతో ఓడాం. మాంచెస్టర్‌లో రెండో టెస్టు మాత్రం గుర్తుంచుకోవాలి. విజయ్ మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112, తొలి వికెట్‌కు 203 పరుగులు. విదేశంలో టెస్టు సెంచరీ చేసిన మొదటి భారతీయుడు ముస్తాక్ అలీ. మర్చంట్‌ను రనౌట్ చేయమని కెప్టెన్ ముందుగా ముస్తాక్‌కు బంగారు గడియారం ఆశ చూపారని, ముస్తాక్ ఆ సంగతి వెళ్ళి మర్చంట్‌కే చెప్పేశారని, ఇద్దరూ నవ్వుకుని బ్యాటింగ్‌కు దిగారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా 203 మాత్రం స్కోరు బుక్కులో ఉంది. ఆ మ్యాచ్‌లోనే మద్రాసు నుంచి వెళ్ళిన మన కోటా రామస్వామి 40 ఏళ్ళ వయసులో తొలి టెస్టు ఆడి 40, 60 చేశారు. టెస్టు డ్రా అయింది. ఓవల్‌లో మూడో టెస్టు మళ్ళీ 9 వికెట్లతో ఓడాం.

విజ్జీ టెస్టు జీవితం ఆ మూడు మ్యాచ్‌లే. 6 ఇన్నింగ్స్‌లలో 33 పరుగులు. రెండుసార్లు నాటౌట్ కాబట్టి సగటు 8.25 వచ్చింది. అత్యధిక స్కోరు 19. ఆ టూరు మధ్యలోనే బ్రిటిష్ రాజు ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు.

ఇండియాకు తిరిగొచ్చాక విచారణ జరిగింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ నాయకత్వాన వేసిన కమిటీ 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమర్‌నాథ్ మీద వేసిన నింద నిలవలేదు. విజ్జీకి ఫీల్డర్లను ఎక్కడ నిలబెట్టాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో తెలియదనీ, బ్యాటింగ్ ఆర్డరు ఏనాడూ సరిగా పాటించలేదనీ తేల్చింది. విల్లింగ్డన్ దొర అప్పటికే పదవీకాలం ముగిసి వెళ్ళిపోయారు. విందుల దగ్గరున్న జనం కనపడలేదు. ఓటు వేసినవాళ్ళు మేము వేశామని చెప్పుకోలేదు. మా గదిలో కొట్టేసిన 18 నంబరు బనియన్లు గుర్తొస్తాయి మాకు. విజ్జీ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు క్రికెట్ వైపు రాలేదు.

ఇంతవరకు చదివి రాజుల డబ్బు అంతా చెడ్డదని తమ్ముళ్ళు అనుకోవచ్చు. అలా తేల్చెయ్యడం మాకు కష్టంగా ఉంది. ఆ 50,000 రూపాయల లాంటి సాయం లేకుండా 1932 టూరు కదిలేది కాదు. నాయుడు కూడా రాజు ఉప్పు తిన్నవారే. ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో ఉద్యోగం ఇస్తేనే ఆయన కుటుంబం నడిచింది. హోల్కర్ జట్టు కూడా డబ్బున్న జట్టే. 1944-45 రంజీ ఫైనల్లో యుద్ధం పని మీద ఇండియాలో ఉన్న డెనిస్ కాంప్టన్‌ను తెచ్చి ఆడించారు. ఆయన 249 నాటౌట్ కొట్టినా బొంబాయి చేతిలో 374 పరుగులతో ఓడారు. అయినా హోల్కర్ ఆ తర్వాత నాలుగుసార్లు రంజీ గెలిచింది. అక్కడా డబ్బు మహారాజుదే, కానీ మైదానంలో మాట నాయుడుది. డబ్బిచ్చినవాడు గట్టు మీద కూర్చున్నాడు. మాకు కనపడిన తేడా అదొక్కటే.

స్వాతంత్ర్యం వచ్చాక 1947లో విజ్జీ తన సర్ బిరుదు తిరిగి ఇచ్చేశారు. అదే ఏడు అమర్‌నాథ్ ఇండియా కెప్టెన్‌గా ఆస్ట్రేలియా వెళ్ళారు. విజ్జీ నెమ్మదిగా ఉత్తర ప్రదేశ్ క్రికెట్ పనుల్లోకి దిగారు. ఈసారి బ్యాటు పట్టలేదు. 1954 నుంచి 1957 దాకా బోర్డు అధ్యక్షులుగా ఉన్నారు. కాన్పూరును టెస్టు కేంద్రంగా నిలబెట్టడంలో ఆయన శ్రమ ఉంది. 1958లో పద్మభూషణ్ వచ్చింది. రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవారు, 1959లో ఇంగ్లండులో బి.బి.సి.కి కూడా చెప్పారు. ఆ వ్యాఖ్యానం చాలా దీర్ఘంగా, నీరసంగా సాగేదట. తాను వందల పులులను వేటాడానని ఒకసారి ఆయన గొప్పగా చెబుతుంటే, మీరు ట్రాన్సిస్టర్‌లో మీ కామెంటరీ పెట్టి అడవిలో వదిలేస్తారనుకున్నానని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నాడని ఒక హాస్యం. మన విశాఖపట్నం నుంచి లోక్‌సభకు కూడా ఎన్నికయ్యారు.

ఆయన చివరి జీవితంలో మమ్మల్ని ఆపిన సంగతి ఒకటుంది. 1956-57లో ఉత్తర ప్రదేశ్ జట్టుకు కెప్టెన్ కావలసి వచ్చింది. జట్టు బలహీనమైనది, కుర్రవాళ్ళది. విజ్జీ ఎవరిని పిలిచారో తెలుసా? సి.కె. నాయుడును. అప్పటికి నాయుడుకు 61 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ కిందట తన కింద ఆడించి, పక్కకు నెట్టిన మనిషిని ఇంటికి పిలిచి, జట్టు చేతిలో పెట్టారు. నాయుడు వచ్చారు. ఆ వయసులో రంజీ మ్యాచ్‌లు ఆడారు, పరుగులు కూడా చేశారు. వాళ్ళిద్దరి మధ్య అప్పుడు ఏ మాటలు నడిచాయో ఎవరూ రాయలేదు. క్షమాపణ అడిగారో, అడగకుండానే సరిపోయిందో. మేము మాత్రం ఆ ముక్క దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం. అన్నం ప్లేటు అందించిన మా అన్న గుర్తొచ్చాడు. ఆయనకు ఫోన్ చేసి ఈ వ్యాసం సంగతి చెప్పాం. ఆ మ్యాచ్ తనకు గుర్తే లేదన్నాడు.

విజ్జీ 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. నాయుడు 1967 నవంబరు 14న ఇండోర్‌లో వెళ్ళిపోయారు. నాయుడు పేరున బోర్డు జీవిత సాఫల్య పురస్కారం ఇస్తోంది. విజ్జీ పేరున యూనివర్సిటీ విద్యార్థుల జోన్ జట్లు ఆడే ట్రోఫీ వచ్చింది. విజ్జీ ట్రోఫీ ఆడాలంటే విద్యార్థి ముందు కాలేజీ జట్టులో, తర్వాత యూనివర్సిటీ జట్టులో నిలదొక్కుకుని, ఆ తర్వాత జోన్ సెలక్షన్స్‌లో నెగ్గాలి. మా యూనివర్సిటీ మైదానంలో ఆ సెలక్షన్స్‌కు తయారవుతున్న ఒక మిత్రుడిని చూశాం. కిట్ బ్యాగు తనది కాదు, సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్నది. ప్యాడ్లు కొంచెం పెద్దవై నడుస్తుంటే మోకాళ్ళకు తగులుతున్నాయి. ఆ ట్రోఫీకి ఎవరి పేరు పెట్టారో అతనికి తెలియదు. బంతి మాత్రం బాగా కొడుతున్నాడు.